బందెలదొడ్డి నుంచి స్టేషన్ కాంపౌండు దాకా: దిక్కులేని సొత్తు ఎవరికి పోతుంది?

ఈసారి శనక్కాయ ధర గురించి కాదు, వాన గురించీ కాదు. పోస్టు కొంచెం పొడుగు. తీరిక చేసుకొని చదవండి.

మన తట్టు ఏ మండలం పోలీసు స్టేషన్‌కైనా పోయి చూడండి. గోడ వెంబడి ఒక వరస మోటరు సైకిళ్ళు ఉంటాయి. టైర్లు మట్టిలో దిగబడిపోయి ఉంటాయి, సీట్లు ఎలుకలు కొరికేసి ఉంటాయి, చక్రాల మధ్యలో నుంచి సర్కారు తుమ్మ మొలిచి ఉంటుంది. పక్కన ఒక ఆటో, ఒక ట్రాక్టరు ట్రాలీ. ఇవి ఎవరివప్పా అంటే "కేసు బండ్లు" అంటారు. కేసు ఏ సంవత్సరం నాటిదో చెప్పాలంటే రికార్డు తీయాల. వీటిలో కొన్నిటికి ఓనరు ఉన్నాడు, కోర్టు చుట్టూ తిరగలేక వదిలేసుకున్నాడు. కొన్నిటికి ఓనరు ఎవరో పోలీసులకే తెలియదు. ఇంక లోపల తాళం వేసిన గది ఒకటి ఉంటుంది. దాన్ని మాల్‌ఖానా అంటారు. బంగారం, సెల్‌ఫోన్లు, కత్తులు, తుపాకులు అన్నీ ఆడనే.

ఈ సొత్తంతా చివరికి యాడికి పోతుంది? ఎవరు అమ్ముతారు, ఎవరు కొంటారు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? దీనికి జవాబు నిన్న మొన్నటిది కాదు. నూటయాభై ఏళ్ళ వెనక్కి పోవాల. ఆ కథ మన గొడ్లతోనే మొదలైంది.

బందెలదొడ్డి అనే మాట అరవై దాటిన వాళ్ళందరికీ తెలుసు. ఊరి బయట రాతి గోడ, ఒక గేటు, ఒక కాపలావాడు. చేన్లో పడిన గొడ్డును తోలుకపోయి ఆడ పెట్టేవాళ్ళు. దీని వెనక ఉన్నది 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం. తెల్లవాళ్ళు చేసిన చట్టాల్లో రైతుకు నేరుగా తగిలినవి కొన్నే ఉన్నాయి. నా లెక్కలో ఇది ముందు వరసలోది. అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్తా.

చేన్లో పైరు మేసిన గొడ్డును పట్టుకునే హక్కు ఆ చేను చేసుకునే రైతుకే ఉండేది. పట్టుకున్న 24 గంటల లోపల దొడ్డికి తోలాల. ఇంట్లో కట్టేసుకుంటే తప్పు. ఓనరు వచ్చి జరిమానా, మేత ఖర్చు కడితే విడిపించుకోవచ్చు. మా తాత చెప్పేవాడు, జరిమానా కన్నా మేత ఖర్చే గుదిబండ అని. రోజులు గడిచే కొద్దీ అది పెరుగుతా పోతుంది కదా. గొడ్డును అన్యాయంగా పట్టుకున్నారని అనుకుంటే 10 రోజుల లోపల మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేసుకోవచ్చు. బలవంతంగా విడిపించుకపోతే మాత్రం 6 నెలల దాకా జైలు. ఊర్లలో పగలు పెరిగింది ఎక్కువగా ఈ చివరి దానితోనే.

ఇప్పుడు అసలు సంగతి. ఓనరు రాకుంటే?

7 రోజులు చూస్తారు. రాకపోతే దొడ్డి కాపలాదారు దగ్గరి పోలీసు స్టేషన్‌కు రిపోర్టు ఇయ్యాల. స్టేషన్ అధికారి ఒక నోటీసు అంటించాల. ఎన్ని గొడ్లు, ఎట్లాంటివి, యాడ దొరికినాయి, యాడ కట్టేసి ఉన్నారు అని అందులో రాయాల. అంతటితో సరిపోదు. గొడ్డు దొరికిన చోటికి దగ్గర్లో ఉన్న ఊర్లోనూ, సంతలోనూ దండోరా వేయించాల. చదువు రానోడికి కూడా తెలియాలని చట్టంలోనే తప్పెట రాసి పెట్టినారు. నోటీసు వేసిన నాటి నుంచి ఇంకో 7 రోజుల్లో కూడా ఎవరూ రాకపోతే బహిరంగ వేలం. జరిమానా, ఖర్చులు పోను మిగిలిన డబ్బును 3 నెలలు డిపాజిట్టులో ఉంచుతారు. ఓనరు ఆ లోపల వచ్చి రుజువు చేసుకుంటే ఆ డబ్బు ఆయనది. రాకుంటే సర్కారుది.

ఇందులో 19వ సెక్షన్ అని ఒకటుంది. అది నాకు భలే నచ్చింది. పోలీసు అధికారి గానీ, దొడ్డి కాపలాదారు గానీ ఈ వేలంలో గొడ్డును కొనకూడదు. నేరుగానే కాదు, ఇంకొకరి పేరుతో కూడా కొనకూడదు. ఎందుకు పెట్టినారో మీకు వివరించాల్సిన పని లేదు. కాపలా కాసేవాడే కొనుక్కునేటట్టయితే ఓనరుకు కబురు అందదు, దండోరా ఊరి బయటనే ఆగిపోతుంది. 1871లోనే ఈ అనుమానం వాళ్ళకు వచ్చిందంటే అంతకుముందు ఏమి జరిగి ఉంటుందో ఊహించుకోండి. ఈ సెక్షన్‌ను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

చట్టం వచ్చిన అయిదేళ్ళకే 1876-78 కరువు వచ్చింది. మనోళ్ళు ధాత కరువు అంటారు. అప్పటికి మన అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్ళారి కిందనే ఉండేది. 1882లో విడదీసినారు. ఆ కరువులో బళ్ళారి తట్టు మనుషులే లక్షల్లో పోయినారు, గొడ్ల సంగతి చెప్పనక్కర లేదు. మేత లేక గొడ్డును వదిలేసిన రైతు జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకుంటాడా? వేలంలో కొనేవాడు మాత్రం యాడున్నాడు? నీళ్ళు, మేత ఉన్న కాలానికి రాసిన చట్టం అది. కరువు సీమలో దిక్కులేని సొత్తు ఎక్కువగా పుట్టేది దొంగతనంతో కాదు, ఓనరుకు మోసే శక్తి లేకపోవడంతో. ఇప్పుడు స్టేషన్ గోడ పక్కనున్న బండ్లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

గొడ్లు కాకుండా మిగతా సొత్తు సంగతి చూద్దాం. మద్రాసు రాజధానికి 1859లోనే సొంత పోలీసు చట్టం వచ్చింది. రెండేళ్ళకు, 1861లో, దేశానికంతా ఇంకో చట్టం వచ్చింది. ఆ 1861 చట్టంలో మూడు సెక్షన్లు ఉన్నాయి, 25, 26, 27. దిక్కులేని సొత్తు కనపడితే పోలీసు దాన్ని స్వాధీనం చేసుకొని, జాబితా రాసి మేజిస్ట్రేటుకు పంపాల. మేజిస్ట్రేటు ఒక ప్రకటన ఇస్తాడు, ఫలానా వస్తువు దొరికింది, హక్కు ఉన్నవాళ్ళు 6 నెలల లోపల వచ్చి రుజువు చేసుకోండి అని. రాకపోతే అమ్మకం. డబ్బు సర్కారుకు.

ఆ 6 నెలల గడువు ఎంత గట్టిదో చూడండి. తెల్లోడు పోయినాడు, స్వాతంత్ర్యం వచ్చింది, 1973లో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. అందులో 457, 458 సెక్షన్లలో అదే 6 నెలలు. 2024 జులై 1 నుంచి ఆ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 503, 504 సెక్షన్లు, మళ్ళీ అదే 6 నెలలు. నూట అరవై ఏళ్ళకు పైగా మారని అంకె ఇది.

మారింది దండోరా. గొడ్డుకు దండోరా ఉండేది, మోటరు సైకిలుకు లేదు. ప్రకటన కోర్టు బోర్డు మీద ఉంటుంది, లేకుంటే పేపర్లో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. బోర్డు దగ్గరికి పోయి చదివే రైతు ఎవరప్పా? నా వరకు నాకు 1871 చట్టమే మేలనిపిస్తుంది ఈ ఒక్క విషయంలో. ఇప్పుడు ఊరూరా వాట్సాప్ గ్రూపు ఉంది, సచివాలయం ఉంది. నోటీసు అందులో వేస్తే అదే దండోరా. మన జిల్లా పోలీసులు పోయిన సెల్‌ఫోన్ల కోసం వాట్సాప్ చాట్‌బాట్ పెట్టి, వేలల్లో ఫోన్లు వెతికి ఓనర్లకు ఇచ్చినారు కదా. ఫోనుకు చేసింది బోరు మోటారుకు ఎందుకు చేయకూడదు అని నా ప్రశ్న.

ఇంకొక సెక్షన్ కూడా తెలుసుకోండి. పాడైపోయే సొత్తు, గొర్రెలు, మేకలు, టమోటా, దానిమ్మ లాంటివి దొరికితే 6 నెలలు ఆగరు. వెంటనే అమ్మించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. పాత కోడ్‌లో 459, కొత్తదాంట్లో 505. విలువ తక్కువైన వస్తువులను కూడా ఇట్లనే అమ్మేయొచ్చు. పాత లెక్క 500 రూపాయల లోపల, ఇప్పుడు దాన్ని 10,000 చేసినారు. అంటే 9,000 విలువ చేసే మీ పాత మోటారు దొరికి, ఓనరు తెలియకపోతే, ఎక్కువ రోజులు కాచుకోవాల్సిన పని లేకుండా అమ్మేయొచ్చు. డబ్బు మీద మీకు హక్కు ఉంటుంది, మోటారు మాత్రం పోతుంది.

ఇంక తుపాకుల దగ్గరికి వద్దాం. ఈ కథ మన సీమది మరీ ముఖ్యంగా.

1800లో నిజాం మన జిల్లాలను కుంపిణీకి రాసిచ్చినాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలోనే కచ్చేరి పెట్టినాడు. మన పెద్దలు మన్రోలప్ప అని పిలుచుకున్నది ఈయన్నే. ఆయన వచ్చేటప్పటికి ఈ సీమలో 80 మంది దాకా పాలెగాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక కోట, కట్టుబడి బంట్లు, తుపాకులు, బల్లేలు. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యంతో కోటలు పట్టుకున్నారు, మాట విననోళ్ళను తరిమినారు, బంట్లను చెదరగొట్టినారు. కొందరికి తవర్జీ ఇచ్చి కూర్చోబెట్టినారు. మన్రో 1807లో పోయేటప్పటికి పన్ను వసూలు చేసే హక్కుతో పాటు ఆయుధం పట్టే హక్కు కూడా పాలెగాని చేతిలో నుంచి కుంపిణీ చేతికి మారిపోయింది. రైతుకు దీనివల్ల మేలు జరిగిందా కీడు జరిగిందా అనేది పెద్ద వాదన. పాలెగాడు దోచుకునేది తగ్గింది, కుంపిణీ శిస్తు పెరిగింది. రెండూ నిజమే.

1857 తిరుగుబాటు తర్వాత దేశమంతటా ఆయుధాలు లాగేసుకోవడం మొదలైంది. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే నేరం. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. అదే 1878లో గుప్తనిధుల చట్టం కూడా వచ్చింది. మన తట్టు పాత గుళ్ళు, కోటలు తవ్వే పిచ్చి ఎంత ఉందో మీకు తెలుసు. వజ్రకరూరు రాళ్ళ సంగతి కాదు నేను చెప్పేది, పూడ్చిపెట్టిన సొత్తు సంగతి. దున్నుతా ఉంటే పది రూపాయలు దాటిన విలువ చేసే పూడ్చిన సొత్తు దొరికితే కలెక్టరుకు రాసి ఇయ్యాల. హక్కుదారు ఎవరూ లేరని తేలితే దొరికినోడికి, భూమి ఓనరుకు వాటా కూడా ఉంది ఆ చట్టంలో. దాచిపెడితే వాటా పోయి, ఏడాది దాకా జైలు. వాటా ఉందని తెలియక దాచి జైలుకు పోయే వాళ్ళే ఎక్కువ.

తుపాకీకి మళ్ళీ వస్తా. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసినారు, 1962 అక్టోబరు 1 నుంచి అమలు. దాని 13వ సెక్షన్‌లో మన గురించి ఒక ముక్క ఉంది. పంట కాపాడుకునేందుకు నిజంగా అవసరమైన రైతుకు నల్లమందు కూరి కాల్చే తుపాకీకి లైసెన్సు ఇయ్యొచ్చు. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే రకం తుపాకీకి కూడా ఇయ్యొచ్చు. అడవిపందుల బాధ పడే ఊర్లలో పాత తరం వాళ్ళ దగ్గర ఇట్లాంటి లైసెన్సులు ఉండేవి. లైసెన్సు ఉంది కదా అని కృష్ణజింకను కాల్చితే మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కింద బతుకు కోర్టులోనే తెల్లారుతుంది. శనక్కాయ చేనంతా మేసేసినా సరే. ఆ బాధ ఇంకో పోస్టులో రాస్తా.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. నాయన పేరు మీద లైసెన్సు ఉండి, నాయన కాలం చేస్తే ఆ తుపాకీ ఏమవుతుంది? ఇంట్లో గూట్లో ఉంచుకుంటే ఆ రోజు నుంచి అది లైసెన్సు లేని ఆయుధమే. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాల. లైసెన్సు గడువు అయిపోయినా, రద్దయినా ఇదే దారి. డిపాజిట్ చేసినంత మాత్రాన అది సర్కారుది కాదు. గడువు లోపల వారసుడు తన పేరు మీద లైసెన్సు తెచ్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. లేదా లైసెన్సు ఉన్న ఇంకొకరికి అమ్మి ఆ డబ్బు తీసుకోవచ్చు. ఏదీ చేయకుండా గడువు దాటిపోతే జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు, జప్తు చేస్తారు. చేసే ముందర నోటీసు ఇచ్చి, జవాబు చెప్పుకునేందుకు 30 రోజులు ఇయ్యాల. ఆ నోటీసు పాత అడ్రసుకు, చనిపోయినాయన పేరు మీద వస్తుంది. కొడుకు బెంగుళూరులో ఉంటాడు. ఇట్లనే చానా తుపాకులు దిక్కులేనివి అయిపోతాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరే అయింది కదా, కదిరి, హిందూపురం, ధర్మవరం తట్టు వాళ్ళు తమ పాత లైసెన్సు ఫైలు ఇప్పుడు ఏ కలెక్టరాఫీసులో ఉందో ఒకసారి కనుక్కోవడం మంచిది.

2019 డిసెంబరులో చట్టాన్ని మళ్ళీ సవరించినారు. అంతకుముందు ఒక మనిషి 3 తుపాకులు ఉంచుకోవచ్చు, దాన్ని 2 చేసినారు. ఎక్కువ ఉన్నవాళ్ళు ఏడాది లోపల డిపాజిట్ చేయాలన్నారు. లైసెన్సు కాలం 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకు పెంచినారు. ఎలక్షన్లు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో పెట్టించుకునేది మీకు తెలిసిందే. ఫలితాలు వచ్చిన తర్వాత వారానికి తిరిగి ఇస్తారు. రసీదు పోగొట్టుకున్నోడు, లేదా విసుగొచ్చి పోనోడు, వాని తుపాకీ ఆడనే ఉండిపోతుంది. రసీదును పట్టాదారు పాసు పుస్తకంతో పాటు పెట్టుకోండి.

కేసుల్లో దొరికిన ఆయుధాలది వేరే దారి. ఫ్యాక్షన్ రోజుల్లో మన జిల్లాలో నాటు తుపాకులు, నాటు బాంబులు, వేటకొడవళ్ళు ఎన్ని దొరికినాయో ఇప్పటి పిల్లలకు తెలియదు. బాంబును మాల్‌ఖానాలో ఉంచలేరు కాబట్టి నిపుణులతో నిర్వీర్యం చేయించి, నమూనా ల్యాబుకు పంపుతారు. తుపాకీని కేసు అయిపోయేదాకా ఉంచాల. శిక్ష పడితే 32వ సెక్షన్ కింద కోర్టు జప్తుకు ఆర్డరు ఇస్తుంది. నాటువి, పనికిరానివి ధ్వంసం చేస్తారు. సంతలో వేలం వేసే వస్తువు కాదు కదా అది.

కాదు కదా అన్నాను గానీ, అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రంలో వేలం వేస్తారు. పోలీసులు జప్తు చేసిన తుపాకులను లైసెన్సు ఉన్న డీలర్లకు అమ్మి, ఆ డబ్బుతో పోలీసులకు తూటా తగలకుండా కాపాడే కోట్లు, సామాన్లు కొంటారు. నేరంలో వాడిన తుపాకీ మళ్ళీ అంగడికి వస్తుంది. ఆస్ట్రేలియాలో దీనికి ఎదురు. 1996లో పోర్ట్ ఆర్థర్ అనే ఊర్లో ఒకడు 35 మందిని కాల్చి చంపితే, ప్రభుత్వం డబ్బు ఇచ్చి ఆరు లక్షలకు పైగా తుపాకులు వెనక్కి తీసుకొని నలగ్గొట్టింది. మన దారి ఆస్ట్రేలియాకు దగ్గర. ఫ్యాక్షన్ చూసినోళ్ళం కాబట్టి ఇదే సరైనదని నా అభిప్రాయం.

సరే, మాల్‌ఖానాలో పెట్టిన సొత్తే పోతే? ఇది అసలు ప్రశ్న. దీనికి రెండు కేసులు చెప్తా.

1947 సెప్టెంబరు. దేశ విభజన గొడవలు. అమృత్‌సర్ నుంచి వచ్చిన ఒక బంగారం వ్యాపారిని ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో పోలీసులు అనుమానంతో పట్టుకున్నారు. ఆయన దగ్గరున్న 103 తులాలకు పైగా బంగారం, దానితో పాటు వెండి మాల్‌ఖానాలో పెట్టినారు. ఆయనను వదిలేసినారు, వెండి ఇచ్చినారు. బంగారం మాత్రం మాల్‌ఖానా చూసుకునే హెడ్ కానిస్టేబుల్ తీసుకొని పాకిస్తాన్‌కు పారిపోయినాడు. వ్యాపారి ప్రభుత్వం మీద దావా వేసినాడు. 1964లో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? పోలీసులు అజాగ్రత్తగా ఉన్నది నిజమే, అయినా అది ప్రభుత్వ అధికారం కింద చేసిన పని కాబట్టి ప్రభుత్వం బాధ్యత లేదు అంది. చట్టం మార్చుకుంటే మంచిదని కూడా అంది. బంగారం మాత్రం పోయింది.

రెండోది మన పక్కనున్న కర్ణాటకలోదే. గోకాక్ తట్టు ఒక ఆమె ఇంట్లో నగలు దొంగలు ఎత్తుకపోయినారు. పోలీసులు దొంగలను పట్టుకొని నగలు రాబట్టినారు. వాటిని స్టేషన్‌లోనే ట్రంకు పెట్టెలో పెడితే, ఆడ నుంచి మాయమైనాయి. కింది కోర్టులన్నీ చేతులెత్తేసినాయి. 1977లో సుప్రీంకోర్టు ఆమె వైపు తీర్పు చెప్పింది. సొత్తు పోలీసుల చేతిలో ఉన్నప్పుడు దాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిది, జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేయలేకపోతే విలువ కట్టి ఇయ్యాల అంది. పదమూడేళ్ళలో వచ్చిన తేడా చూడండి. స్టేషన్‌లో పెట్టిన మీ సొత్తు పోయిందని ఎవరైనా చేతులు దులుపుకుంటే మీ వకీలుకు గుర్తు చేయాల్సింది ఈ 1977 తీర్పు.

ఇప్పుడు 19వ సెక్షన్ దగ్గరికి వస్తా అన్నాను కదా. 2002లో గుజరాత్ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆరోపణ ఎవరి మీద? పోలీసుల మీదే. కేసుల్లో పట్టుకున్న విలువైన వస్తువులు తీసేసి నకిలీవి పెట్టినారని, ఎవరి అనుమతీ లేకుండా సొత్తు వేలం వేసినారని. 1871లో గొడ్ల దొడ్డికి పెట్టిన కట్టడి ఎందుకు అవసరమో నూట ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ తెలిసింది. ఆ కేసులో, దాన్ని సుందర్‌భాయ్ దేశాయ్ కేసు అంటారు, కోర్టు గట్టిగా చెప్పింది. పట్టుకున్న సొత్తును పదిహేను రోజుల నుంచి నెల కంటే ఎక్కువ స్టేషన్‌లో ఉంచొద్దు. ఫోటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు తీసుకొని ఓనరుకు ఇచ్చేయండి. బండ్లు స్టేషన్ ముందర తుప్పు పట్టేటట్టు వదిలేయొద్దు. ఓనరు గానీ ఇన్సూరెన్సు కంపెనీ గానీ రాకపోతే కోర్టు ఆర్డరుతో వేలం వేయండి.

ఆ తీర్పును ఎవరైనా పాటించినారా? స్టేషన్ గోడ చూస్తే తెలుస్తుంది. అందుకే ఇన్సూరెన్సు కంపెనీలు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్నే ముందు పెట్టి మళ్ళీ సుప్రీంకోర్టుకు పోయినాయి. 2010లో ఆ పాత తీర్పును అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని కోర్టు ఇంకోసారి చెప్పింది. ఇప్పుడు కొత్త సంహితలో 497వ సెక్షన్‌లో దీన్ని చట్టం చేసినారు. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల లోపల వివరాల పట్టిక తయారు చేయాల, ఫోటో తీయాల, అవసరమైతే వీడియో. ఆ తర్వాత 30 రోజుల లోపల ఎవరికి ఇయ్యాల, అమ్మాల, ధ్వంసం చేయాల అనేది తేల్చాల. ఫోటోనే సాక్ష్యంగా చెల్లుతుంది, బండిని ఏళ్ళ తరబడి నిలబెట్టే పని లేదు. కాగితం మీద ఇంతకన్నా మంచి చట్టం ఉండదు.

మందు కేసుల్లో పట్టుకున్న బండ్లది ఇంకో లెక్క. కర్ణాటక సరిహద్దు కదా మనది, ప్యాకెట్లు తెచ్చే వాళ్ళు స్నేహితుని బండి అడిగి తీసుకుంటారు. ఆ బండి పట్టుబడితే ఎక్సైజు శాఖే జప్తు చేసే అధికారం ఉంది, మామూలు కోర్టు దారి పనికిరాదు. బండి అప్పు ఇచ్చే ముందర ఆలోచించుకోండి.

చివరగా మన మోటార్ల సంగతి. బోరు కేబులు కోసుకపోవడం, స్టార్టర్లు, మోటార్లు ఎత్తుకపోవడం మన జిల్లాలో కొత్త కాదు. పోలీసులు ముఠాను పట్టుకున్నప్పుడు కుప్పగా దొరుకుతాయి. అప్పుడు తేలేది ఏమంటే, సగం మంది రైతులు ఫిర్యాదే ఇయ్యలేదు. "పోతే పోయింది, స్టేషన్ చుట్టూ ఎవడు తిరుగుతాడు" అని వదిలేసినారు. మా పక్క ఊర్లో ఒకాయన మోటారు ఇట్లనే దొరికింది. కంపెనీ పేరు, హార్స్‌పవర్ చెప్పినాడు, కానీ అదే కంపెనీవి ఆ కుప్పలో ఇంకా నాలుగు ఉన్నాయి. బిల్లు లేదు, నంబరు రాసుకోలేదు. చివరికి రీవైండింగు చేసిన షాపు ఆయన లెడ్జరులో నంబరు ఉంటే అది చూపించి తెచ్చుకున్నాడు.

మోటారు పేరు పలక మీద సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ఇంట్లో పిల్లల ఫోన్లో కూడా పంపి పెట్టండి. పలక పీకేసినా తెలిసేటట్టు మోటారు బాడీ మీద ఇంకో చోట పేరు మొదటి అక్షరాలు చెక్కించండి. పోయిన రోజే ఫిర్యాదు రాసి ఇచ్చి, ఎఫ్‌ఐఆర్ కాపీ అడగండి, అది ఉచితంగా ఇయ్యాల. దొరికిందని తెలిస్తే స్టేషన్‌లో రిజిస్టరులో ఏ నంబరు కింద రాసినారు, ఏ కోర్టుకు పంపినారు అని అడగండి. సొత్తు తిరిగి ఇప్పించమని ఆ కోర్టులో పిటిషన్ వేయాల. ప్రకటన వచ్చేసి ఉంటే 6 నెలలు ఆ ప్రకటన తేదీ నుంచి లెక్క, దొరికిన తేదీ నుంచి కాదు. గడువు దాటి సర్కారుకు పోయేటట్టు ఆర్డరు వచ్చినా అప్పీలుకు దారి ఉంది.

వేలం సంగతి కూడా అడుగుతున్నారు కొందరు. పోలీసు వేలంలో బండి కొంటే వేలం ఆర్డరు, డబ్బు కట్టిన రసీదు, ఆర్టీఓ దగ్గర పేరు మార్పిడికి కాగితాలు మూడూ చేతికి వచ్చినంక బండి కదిలించండి. 2021 నుంచి తుక్కు రూల్స్ వచ్చినాయి కాబట్టి కొన్ని బండ్లను రోడ్డు మీద తిప్పేందుకు కాదు, తుక్కుకే ఇస్తారు. నోటీసులో ఆ మాట ఉందో లేదో చూసుకోండి, తుక్కు బండిని తోలుకొచ్చి పొలానికి తిప్పుదామంటే కుదరదు.

మా ఊరి బందెలదొడ్డి రాళ్ళు పంచాయతీ ఆఫీసు పునాదిలోకి పోయినాయి. మీ ఊర్లో అది యాడ ఉండేదో, ఇప్పుడు ఆ జాగాలో ఏముందో, దాన్ని చూసుకునే మనిషిని ఏమని పిలిచేవాళ్ళో కింద రాయండి. పెద్దోళ్ళను అడిగి రాస్తే ఇంకా మంచిది.